చమురుతో నడిచిన ఆవిరి ఓడలు, రేవులో భద్రతా నిబంధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సుమారు 1910 నుంచి 1960 దాకా బాయిలర్ల కింద బొగ్గు బదులు ఫర్నేస్ ఆయిల్ మండించిన ఓడల గురించి ఈ సమాధానాలు. చమురును సరుకుగా మోసే ట్యాంకర్ల నిబంధనలు వేరు. రెండూ కలిసే చోట మాత్రం వాటినీ ప్రస్తావించాం. కొలతలు ఆ కాలపు ఫారన్‌హీట్, అడుగు, గ్యాలన్‌లలోనే ఉంచి, అవసరమైన చోట నేటి కొలత పక్కన ఇచ్చాం.

బొగ్గు ఓడలకు అప్పటికే నిబంధనలు ఉన్నాయి కదా, చమురుకు కొత్తవి ఎందుకు కావలసి వచ్చాయి?

బొగ్గు ఒలికితే చీపురుతో ఊడ్చేయొచ్చు. నూనె ఒలికితే తన దారి తనే చూసుకుంటుంది. నేల పలకల సందుల్లోంచి బిల్జిలోకి (ఓడ అడుగున మురికినీరు చేరే చోటికి), డెక్కు తూముల్లోంచి నీళ్ళలోకి, అక్కణ్ణించి ఆటుపోటుతో పక్క ఓడ కిందికి చేరుతుంది. బొగ్గు గదిలోనూ నిప్పు రాజుకునేది కానీ దానికి రోజులు పట్టేది, వేడీ వాసనా ముందే పట్టిచ్చేవి. వేడెక్కిన నూనె ఆవిరి అంత గడువు ఇవ్వదు.

రెండో కారణం మనుషులు. ఒలింపిక్ ఓడను 1919-20లో బెల్‌ఫాస్ట్‌లో చమురుకు మార్చినప్పుడు బాయిలర్ల దగ్గర వందల మంది చేసే పని దాదాపు 60 మందికి దిగింది. మన లష్కర్లు (భారతీయ ఓడ పనివాళ్ళు) పనిచేసే ఓడల్లోనూ ఇదే జరిగింది. బొగ్గు మోసే కోయిలావాలాకు పనే లేకుండా పోయింది, నిప్పు చూసుకునే ఆగ్‌వాలాలు కొద్దిమందే మిగిలారు. ఒకప్పుడు వందల కళ్ళు కాపలా కాసిన చోట ఇద్దరో ముగ్గురో ఉంటే, ఆ లోటును వాల్వులు, ట్రేలు, రాతపూర్వక నిబంధనలు పూడ్చాల్సి వచ్చింది.

ఫర్నేస్ ఆయిల్‌లో అగ్గిపుల్ల పడేస్తే ఆరిపోతుందంటారు. నిజమేనా?

చల్లటి నూనె విషయంలో నిజమే. రేవుల్లో జరిగిన చాలా ప్రమాదాల వెనక ఉన్నదీ ఈ సగం నిజమే. మండేది నూనె కాదు, దాని మీద లేచే ఆవిరి. ఎంత వేడి దగ్గర ఆ ఆవిరి నిప్పు చూపగానే గుప్పుమంటుందో దాన్నే ఫ్లాష్ పాయింట్ అంటారు. మూసిన గిన్నెలో పరీక్షించినప్పుడు ఓడ ఇంధనానికి అది 150 డిగ్రీల ఫారన్‌హీట్ (65 సెల్సియస్ పైచిలుకు) కంటే తగ్గకూడదని, ఓడలను తనిఖీ చేసి తరగతి ఇచ్చే లాయిడ్స్ రిజిస్టర్ సంస్థ నియమం ఉండేది. బ్రిటిష్ నౌకాదళం ఇంకా గట్టిగా 175 డిగ్రీలు (79 సెల్సియస్) అడిగేది. కిరోసిన్ లాంటి తేలిక నూనెలకు ఏబెల్ పరికరం, ఫర్నేస్ ఆయిల్‌కు పెన్‌స్కీ-మార్టెన్స్ పరికరం వాడేవారు.

కాగితం మీద 150 ఉన్నా ట్యాంకులో అది 150గా ఉండకపోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది కల్తీ. నూనె తెచ్చిన బార్జి అంతకుముందు పెట్రోలో కిరోసినో మోసి, సరిగా కడగకుండా వస్తే, ఆ కొద్దిపాటి తేలిక నూనె మొత్తం ఫ్లాష్ పాయింటును బాగా కిందికి లాగుతుంది. అందుకే సరఫరాదారు ఇచ్చే ధ్రువపత్రం ఒక్కటే చాలదు, ఎక్కించే గొట్టం దగ్గరే నమూనా పట్టి సీసాకు సీలు వేసి ఉంచాలి. రెండోది మనమే చేసే వేడి. చిక్కటి నూనె పంపుకు అందాలంటే ట్యాంకులో ఆవిరి గొట్టపు చుట్లతో వెచ్చబెట్టాలి. ఆ వెచ్చదనం ఫ్లాష్ పాయింటుకు చాలా కిందే ఆగాలి. బర్నరుకు కావలసిన 180-220 డిగ్రీల వేడి పంపు దాటాక, గాలి చొరని మూత హీటర్‌లో మాత్రమే ఇవ్వాలి. ఈ తేడా తెలియకుండా "నూనె కదలడం లేదు" అని ట్యాంకు చుట్లకే ఆవిరి పెంచేవాడు ట్యాంకు పైభాగాన్ని తన చేతులతో తనే పేలుడు గదిగా మారుస్తున్నట్టు.

చమురు ఇంధనంగా వాడే ఓడను మామూలు బెర్తులో (రేవులో ఓడలు ఆగే చోట) కట్టవచ్చా?

కట్టవచ్చు, ఇంధనం ఫ్లాష్ పాయింటు నియమం ప్రకారం ఉంటే. పెట్రోలు, కిరోసిన్, ముడిచమురు మోసే ఓడలనే ఊరికి దూరంగా ఉంచేవారు. కలకత్తాకు వచ్చే చమురు ఓడలు బజ్‌బజ్‌లో ఆగేవి, బొంబాయిలో ట్రాంబే వైపు పీర్ పావ్ జెట్టీ ఉండేది. 1892లో మ్యూరెక్స్ అనే ట్యాంకరు సూయెజ్ కాలువ దాటి తూర్పుకు విడి కిరోసిన్ తెచ్చినప్పుడు సింగపూర్‌లో నిల్వ ట్యాంకులు ఊళ్ళో కాకుండా బుకోం దీవిలో కట్టడం కూడా ఈ భయంతోనే.

మన దేశంలో 1899 పెట్రోలియం చట్టం, దాని తర్వాత వచ్చిన 1934 చట్టం, 76 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఫ్లాష్ పాయింట్ ఉన్నదాన్ని ప్రమాదకర పెట్రోలియంగా లెక్కగట్టాయి. మన ఎండాకాలంలో నీడపట్టున కూడా ఆ వేడి దాటిపోతుంది కాబట్టి, అలాంటి నూనె రోజంతా ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఫర్నేస్ ఆయిల్ ఆ గీతకు చాలా పైన ఉంటుంది.

మామూలు బెర్తులో కట్టినా కొన్ని షరతులు తప్పవు. వీలైనంతవరకు ముక్కు సముద్రం వైపు ఉండాలి. ముందూ వెనకా రెండు ఉక్కు తాళ్ళు నీటిమట్టం దాకా వేలాడుతూ ఉండాలి. మంట లేస్తే టగ్గు మనుషులు డెక్కు ఎక్కకుండానే వాటిని పట్టుకుని ఓడను బయటికి లాగేయడానికి ఇవి. హార్బర్ మాస్టరు అనుమతి లేకుండా ఇంజను విప్పి ఓడను కదల్లేని స్థితిలో పెట్టకూడదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో మొదలైన విశాఖపట్నం లాంటి రేవులో దీని విలువ తేలిగ్గా అర్థమవుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ ఒక్కటే దారి. అందులో మండే ఓడ అడ్డంగా కూర్చుంటే లోపలున్నవన్నీ బందీలే. కాకినాడలో ఓడలు దూరంగా లంగరేసి నావల మీద సరుకు దింపేవి కాబట్టి అక్కడ జాగ్రత్త వేరు: నూనె ఎక్కుతున్నంతసేపు ఓడకు ఆనించిన నావలో వంట పొయ్యి కూడా వెలగకూడదు.

నూనె ఎక్కించే ముందు ఏమేం చేయాలి?

క్రమం ముఖ్యం. ఇలా నడిచేది:

1. పగలైతే ఎర్ర జెండా, రాత్రయితే ఎర్ర దీపం. పొగతాగొద్దన్న బోర్డు మెట్ల దగ్గరే.
2. డెక్కు తూములన్నీ కర్ర బిరడాలతో, సిమెంటుతో మూయాలి. బిరడా ఒక్కటే చాలనుకోవద్దు, నూనె బరువుకు అది జారుతుంది.
3. ప్రతి ట్యాంకూ కొలిచి రాసుకోవాలి. ఎంత ఖాళీ ఉందో అంతకంటే తక్కువే అడగాలి.
4. గాలి గొట్టాల నోళ్ళలో ఇత్తడి తీగవల శుభ్రంగా ఉందో చూడాలి. రంగు పూసి పూసి అది మూసుకుపోతే ట్యాంకు ఉబ్బుతుంది, చినిగితే బయటి నిప్పు లోపలికి పోతుంది.
5. వాడని వైపు గొట్టపు మూతిని బ్లాంక్ ఫ్లాంజితో (రంధ్రం లేని మూత పలకతో), అన్ని బోల్టులూ వేసి బిగించాలి. నాలుగుకు రెండు వేసి వదిలేయడం చాలా చోట్ల కనిపించే తప్పు.
6. రేవుకూ ఓడకూ మధ్య రాగి తీగ కలిపాకే గొట్టం కలపాలి. విప్పేటప్పుడు గొట్టం ముందు, తీగ తర్వాత.
7. అతుకుల కింద ట్రేలు, పక్కనే ఇసుక, రంపపు పొట్టు, నురుగు సిలిండరు.
8. పంపు మనిషితో సంకేతాలు ఖాయం చేసుకోవాలి: మొదలు, మెల్లగా, ఆపు. "ఆపు"కు రెండు వేర్వేరు సంకేతాలుండాలి, ఒకటి చూపుకు, ఒకటి చెవికి.

బాయిలర్ గొట్టాల మసి ఊదడం ఈ సమయంలో పూర్తిగా నిషిద్ధం. పొగగొట్టం నుంచి లేచే నిప్పురవ్వ ఒక్కటి చాలు.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా ట్యాంకు పొంగుతుంది. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ చివరి పది నిమిషాల్లోనే పొంగుతుంది. గంటకు 300 టన్నుల వేగమంటే నిమిషానికి 5 టన్నులు. "ఆపు" అన్నాక పంపు ఆగడానికి రెండు నిమిషాలు పడితే 10 టన్నులు డెక్కు మీద ఉంటాయి. అందుకే ట్యాంకు నిండబోతున్నప్పుడు వేగం ముందే తగ్గించాలి. నిండే ట్యాంకు వాల్వు మూసేముందు తర్వాతి ట్యాంకు వాల్వు తెరవాలి. వరస తిరగబడితే ఒత్తిడంతా గొట్టం మీద పడి అతుకు దగ్గర పగులుతుంది.

నూటికి 95 పాళ్ళకు మించి నింపకూడదు. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, సెల్సియస్ డిగ్రీకి సుమారు పదివేలకు ఏడు వంతులు. 1,000 టన్నులు 20 డిగ్రీలు వేడెక్కితే 14 టన్నులంత చోటు అదనంగా కావాలి. తెల్లవారుజామున చల్లటి నూనె అంచుదాకా నింపి, మధ్యాహ్నం చుట్లకు ఆవిరి వదిలితే, ఎవరూ పంపు ముట్టకుండానే గాలి గొట్టంలోంచి నూనె కారుతుంది.

ఇంకో కారణం గాలి బుడగలు. డబుల్ బాటమ్ ట్యాంకులు (ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండేవి) వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటాయి. ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంటే ఒక మూల గాలి చిక్కుకుని, కొలత కర్ర ఇంకా చోటుందని చెబుతుంది. ఆ గాలి ఒక్కసారి తప్పుకున్నప్పుడు నూనె ఎగజిమ్ముతుంది. ముందు ఓడను నిటారుగా చేసుకుని, తర్వాత కొలవాలి.

నీళ్ళ మీద పడ్డ ఫర్నేస్ ఆయిల్ అంటుకుంటుందా?

అంటుకుంటుంది. ఈ ప్రశ్నకు సమాధానం సిడ్నీ రేవులో దొరికింది, దాని మీద లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పటి చివరి అప్పీలు కోర్టు) రెండుసార్లు తీర్పు చెప్పింది.

1951 అక్టోబరు 30 తెల్లవారుజామున మోర్ట్ బేలోని కాల్టెక్స్ రేవులో వాగన్ మౌండ్ అనే ఓడ ఇంధనం ఎక్కించుకుంటోంది. ఓడ మనుషుల అజాగ్రత్త వల్ల పెద్ద మొత్తంలో ఫర్నేస్ ఆయిల్ నీళ్ళలోకి పోయింది. దాన్ని చెదరగొట్టే ప్రయత్నం చేయకుండానే ఓడ వెళ్ళిపోయింది. సుమారు 600 అడుగుల దూరంలో మోర్ట్స్ డాక్ వాళ్ళ కర్రల రేవు ఉంది. అక్కడ కోరిమాల్ అనే ఓడకు వెల్డింగు సాగుతోంది. నూనె చూసి మేనేజరు పని ఆపించి, వాకబు చేసి, నీటి మీది ఫర్నేస్ ఆయిల్ మండదన్న నమ్మకంతో మళ్ళీ మొదలుపెట్టించాడు. నవంబరు 1న కరిగిన లోహపు చుక్క తేలుతున్న నూలు పీలిక మీద పడింది. ఆ పీలిక దీపపు వత్తిలా పనిచేసింది. రేవూ ఓడా తగలబడ్డాయి.

మన ఇంట్లో ప్రమిద ఎలా వెలుగుతుందో గుర్తుచేసుకుంటే చాలు. నువ్వుల నూనెలోనూ అగ్గిపుల్ల ముంచితే ఆరిపోతుంది, వత్తి వేస్తే రాత్రంతా వెలుగుతుంది. వత్తి కొసన వేడెక్కేది ఒక్క చుక్కే, మిగతా నూనె చల్లగానే ఉంటుంది. రేవు నీళ్ళలో అలాంటి వత్తులకు కొదవ లేదు: పాత గోనె, తాడు ముక్క, కొబ్బరి పీచు, నూలు చెత్త.

1961లో ప్రివీ కౌన్సిల్ ఈ మంట ఊహించదగినది కాదంది. 1966లో, మంటలో దెబ్బతిన్న ఓడల యజమానులు వేసిన రెండో కేసులో, ప్రమాదం చిన్నదే అయినా నిజమైనదేనని, వాగన్ మౌండ్ ఇంజనీరుకు ఆ సంగతి తెలిసి ఉండాల్సిందని తేల్చింది. రెండో తీర్పే పనివాళ్ళకు పనికొచ్చే తీర్పని మా అభిప్రాయం. నీళ్ళ మీద నూనె కనిపిస్తే వెల్డింగు, గ్యాస్ కటింగు, రివెట్ల కొలిమి అన్నీ ఆగాలి. నూనె పోయేదాకా మళ్ళీ మొదలవకూడదు, ఎవరు పరవాలేదన్నా.

రేవులో చల్లబడ్డ బాయిలర్‌ను మళ్ళీ వెలిగించేటప్పుడు జరిగే పొరపాటు ఏమిటి?

కొలిమిలో మిగిలిన నూనె ఆవిరిని బయటికి తోలకుండా నిప్పు చూపడం. అప్పుడు మంట ముందుకు ఎగదన్నుతుంది, ఎదురుగా నిలబడ్డవాడి ముఖం కాలుతుంది.

ముందు కొలిమి నేలను చూడాలి. నూనె మడుగు కట్టి ఉంటే తుడిచెయ్యాలి. తర్వాత పొగగొట్టం డాంపర్ (పొగ దారిని మూసే పలక) పూర్తిగా తెరిచి, ఫ్యానుతో కనీసం ఐదు నిమిషాలు గాలి తోలాలి. పొడవాటి ఇనుప కడ్డీకి చుట్టిన ఆస్బెస్టాస్ కాగడాను వెలిగించి బర్నరు ముందు పెట్టాలి. మనిషి పక్కకు నిలబడాలి, ఎదురుగా కాదు. గాలి కొద్దిగా, తర్వాత నూనె. కొన్ని క్షణాల్లో అంటుకోకపోతే నూనె కట్టేసి, గాలి తోలడం మొదటినుంచి. పక్క బర్నరు మంటతోనో, ఎర్రగా ఉన్న ఇటుకతోనో వెలిగించడం తొందరపాటు మనుషుల అలవాటు. అంటుకోవడం ఆలస్యమైన కొద్దీ లోపల ఆవిరి పేరుకుంటుంది.

వెలిగిన బర్నరు చిటపటలాడి ఆరిపోతుంటే నూనెలో నీళ్ళున్నట్టు. నీళ్ళు వచ్చినప్పుడు ఆరి, వెనకే నూనె వచ్చి వేడి ఇటుకకు తగిలి గుప్పుమంటుంది. ఇందుకే సెట్లింగ్ ట్యాంకులు రెండుండేవి, ఒక్కోటి సాధారణంగా 12 గంటల వాడకానికి సరిపడేది. ఒకటి వాడుతుంటే రెండోదాంట్లో నీరు అడుక్కి దిగుతుంది, దాన్ని అడుగు కుళాయి నుంచి తీసేయాలి.

పొగ రంగును బట్టి ఏం తెలుస్తుంది?

నల్ల పొగంటే గాలి చాలడం లేదు. హార్బర్ అధికారులు జరిమానా వేసేది దీనికే. భయపడాల్సింది మాత్రం తెల్ల పొగకు. అది మండకుండా ఆవిరిగా పోతున్న నూనె, పొగ దారి మొత్తం అంటుకోగల మిశ్రమంతో నిండి ఉంటుంది. వెంటనే నూనె తగ్గించాలి. సన్నటి లేత గోధుమ రంగు పొగ వస్తుంటే గాలీ నూనే కుదిరినట్టు.

ఖాళీ ట్యాంకులో మరమ్మతుకు దిగవచ్చా?

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. నిండినదాంట్లో గాలికి చోటుండదు. ఖాళీ అయినదాంట్లో గోడలకు అంటిన పొర ఆవిరి వదులుతుంది, గాలిలో నూటికి ఒక పాలు ఆవిరి చేరినా పేలడానికి చాలు. ట్యాంకును ఆవిరితో ఉడికించి, కడిగి, అడుగు బురద ఎత్తిపోసి, గుడ్డ గాలిగొట్టాలతో గాలి ఆడించాక, రసాయన పరీక్షకుడు చూసి రాసిచ్చే గ్యాస్-ఫ్రీ పత్రం లేకుండా ఎవరూ దిగకూడదు. ఆ పత్రం ఆ రోజుకే చెల్లుతుంది. రాత్రి ట్యాంకు వేడెక్కితే, లేక పక్క ట్యాంకు నుంచి నూనె ఊరితే, పొద్దుటికి అది ఉత్త కాగితమే. దిగే మనిషికి నడుముకు తాడు, పైన ఒకడు తప్పకుండా. లోపల కూలినవాణ్ణి చూసి తాడు లేకుండా దూకిన రెండోవాడు కూడా అక్కడే పడతాడు.

బాయిలర్ గదిలో ఏ సామగ్రి ఉండాలి?

1929 సోలాస్ (సముద్రంలో ప్రాణ భద్రత) అంతర్జాతీయ ఒప్పందం చమురు బాయిలర్లున్న ఓడలకు లెక్క కట్టింది. మంట వెలిగించే ప్రతి చోటా 10 ఘనపుటడుగుల (సుమారు 283 లీటర్ల) ఇసుక, లేదా సోడా కలిపిన రంపపు పొట్టు, పక్కనే పారలు. ప్రతి బాయిలర్ గదిలో చేత్తో ఎత్తగల నురుగు సిలిండర్లు రెండు. వాటికి తోడు 30 గ్యాలన్ల (136 లీటర్ల) పెద్ద నురుగు యంత్రం, గొట్టం గది మూలమూలకూ చేరేంత పొడవుతో. ఇసుక పెట్టెను బూడిద తొట్టిగా వాడుకోవడం, తడిసి గడ్డకట్టాక అలాగే వదిలేయడం ఎక్కువగా కనిపించే లోపం. వారానికోసారి పారతో తిరగెయ్యాలి.

మంట లేచాక మొదట ఏం కట్టాలి?

నూనె. ఇంధన పంపునూ, సెట్లింగ్ ట్యాంకు వాల్వునూ డెక్కు మీద నుంచే ఆపే ఏర్పాటు అందుకే. కింద పొగలోకి వెళ్ళి వాల్వు తిప్పాలనుకోవద్దు. తర్వాత ఫ్యాన్లు, స్కైలైట్లు, తలుపులు. మనుషులు బయటపడ్డారని లెక్క చూసుకున్నాకే నురుగో, ఊపిరాడకుండా చేసే ఆవిరో. నూనె మంట మీద నీటిధార కొడితే మంట చెదిరి పక్కకు పాకుతుంది.

ఆవిరి వదిలి మూసేస్తే అన్ని మంటలూ ఆరతాయా?

నూనె మంట ఆరుతుంది, ఎందుకంటే దానికి బయటి గాలి కావాలి. సరుకు గదిలో ఏముందో చూడకుండా అదే పద్ధతి వాడితే ఘోరం జరగవచ్చు. 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాన్‌కాన్ అనే ఓడ గదిలో పొగ కనిపించింది. సరుకు పాడవకూడదని మూతలు బిగించి ఆవిరి వదిలారు. లోపలున్నది సుమారు 2,300 టన్నుల అమోనియం నైట్రేట్ ఎరువు. అది మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంది, ఆవిరి దాన్ని ఇంకా వేడెక్కించింది. పేలుడులో చనిపోయినవాళ్ళు 581 మందికి తక్కువ కాదు. ఆవిరి వాల్వు తిప్పేముందు సరుకు జాబితా చూడాలన్న నియమాన్ని ఎంత పట్టుపట్టినా తప్పులేదు.

రేవు ఫైరింజన్లు ఉండగా ఓడ సామగ్రి దేనికి?

గొట్టాలు అతకకపోవచ్చు కాబట్టి. 1942 ఫిబ్రవరి 9న న్యూయార్క్‌లో నార్మాండీ తగలబడినప్పుడు ఫ్రెంచి మరలున్న ఓడ గొట్టాలకు ఊరి ఫైరింజన్ గొట్టాలు సరిపడలేదు. గ్యాస్ కటింగు నిప్పురవ్వ కేపాక్ దూది లైఫ్ జాకెట్ల మీద పడి మొదలైన మంట అది. తర్వాత పోసిన నీరు పై డెక్కుల్లో నిలిచి ఓడ ఒరిగింది. రూపకర్త వ్లదీమిర్ యుర్కెవిచ్ వచ్చి, అడుగు వాల్వులు తెరిచి నిటారుగా నేలకు దించమన్నా వినలేదు. మర్నాడు తెల్లవారకముందే ఓడ పక్కకు పడిపోయింది. అందుకని రేవుకు చేరగానే అక్కడి మరకు సరిపడే అడాప్టర్ తెచ్చి మెట్ల దగ్గర ఉంచాలి. పై డెక్కుల్లోకి ఎంత నీరు పోతోందో, ఎంత బయటికి పోతోందో లెక్కపెట్టే మనిషి ఒకడు వేరుగా ఉండాలి.

ఓడ నిలకడ కోసం ఖాళీ నూనె ట్యాంకులో నింపిన సముద్రపు నీటిని రేవులో వదలొచ్చా?

కూడదు. బ్రిటన్‌లో 1922 చట్టం ప్రకారం 100 పౌండ్ల దాకా జరిమానా ఉండేది. అమెరికాలో 1924 చట్టం 500 నుంచి 2,500 డాలర్ల జరిమానా, జైలు కూడా పెట్టింది. ఒడ్డున ఉన్న తొట్టెకో, బార్జికో ఇవ్వాలి.

బాయిలర్ నీళ్ళలో నూనె మరక కనిపిస్తే రేవులోనే ఆగాలా?

ఆగాలి. హీటర్ చుట్టలో సూదిమొనంత చిల్లు పడిందనుకోండి. ఆవిరి ఉన్నంతసేపు అది నూనెలోకి పోతుంది. ఆవిరి కట్టాక చుట్ట చల్లబడి, నూనెను లోపలికి పీలుస్తుంది. ఆ నూనె తిరిగొచ్చే నీటితో బాయిలర్‌కు చేరి, కొలిమి పైకప్పు రేకు మీద పల్చటి పొర కడుతుంది. పొర వల్ల వేడి నీటికి అందక రేకు ఎర్రబడి, మెత్తబడి, ఒత్తిడికి లోపలికి కుంగుతుంది. అందుకే చుట్టల నుంచి వచ్చే నీటిని నేరుగా బాయిలర్‌కు పంపకుండా గాజు కిటికీ ఉన్న తనిఖీ తొట్టెలోకి పంపేవారు. తొట్టెలో ఇంద్రధనుస్సు రంగులు కనిపించిన వెంటనే ఆ నీటిని బిల్జికి మళ్ళించి, చుట్టలను ఒక్కొక్కటిగా మూసి, ఏది మూసినప్పుడు రంగులు పోతాయో చూసి, దాన్ని బ్లాంక్ ఫ్లాంజితో కట్టేయాలి. బాయిలర్‌ను సోడాతో ఉడకబెట్టి, తెరిచి, రేకును చేత్తో తడిమి చూశాకే మళ్ళీ వెలిగించాలి.